లినక్స్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు మేలు?

లినక్స్ వాడే కంప్యూటర్‌కు ఏఎండీ కార్డు కొనాలా, ఎన్విడియా కొనాలా అని నెలకు నలుగురైనా అడుగుతున్నారు. మొన్న నాకే కొత్త కార్డు కొనవలసి వచ్చింది కాబట్టి ఈసారి వివరంగానే చెబుతాను.

వేగం, ధర, కరెంటు ఖర్చు పోల్చి చూపేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చూసేది ఒక్కటే: ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ఇంటి మనిషా, వచ్చిపోయే చుట్టమా?

లినక్స్ కెర్నెల్ లోపలి ఏర్పాట్లు ఎప్పటికీ ఒకేలా ఉంటాయని డ్రైవర్లకు ఎవరూ హామీ ఇవ్వలేదు. అయితే ఒక ఏర్పాటును మార్చినవాళ్లే, కెర్నెల్ సోర్సులో, అంటే దాని అసలు కోడులో, దాన్ని వాడుతున్న డ్రైవర్లన్నింటినీ సరిచేయాలన్నది అక్కడి ఆనవాయితీ. ఏఎండీ కార్డులను నడిపే ఏఎండీజీపీయూ డ్రైవర్ 2015లో, 4.2 వెర్షన్‌తో, ఆ సోర్సులో చేరింది. ఎన్విడియా సొంత డ్రైవర్ బయటే ఉంది. అందువల్ల కెర్నెల్ మారిన ప్రతిసారీ దాని మాడ్యూల్, అంటే కెర్నెల్‌లోకి ఎక్కే భాగం, కొత్త కెర్నెల్‌కు సరిపడేలా మళ్లీ తయారు కావాలి. డీకేఎంఎస్ అనే సాధనం ఆ పని చేసిపెడుతుంది, నిజమే. మాడ్యూల్ తయారీకి కావలసిన ఫైళ్లు, అంటే కెర్నెల్ హెడర్లు, లేకపోయినా, డ్రైవర్ ఇంకా కొత్త కెర్నెల్‌ను అందుకోకపోయినా అది చేతులెత్తేస్తుంది. రీబూట్ చేశాక మిగిలేది నల్లటి తెరే.

సోర్సు ఇవ్వని మాడ్యూల్ లోపలికి రాగానే కెర్నెల్ తన లాగ్‌లో 'టెయింట్' అయ్యానని, అంటే మైలపడ్డానని, రాసుకుంటుంది. రీబూట్ చేసేదాకా ఆ మైల వదలదు. ఆ స్థితిలో వచ్చిన ఫిర్యాదులను కెర్నెల్ డెవలపర్లు చాలావరకు పక్కన పెడతారు. ఎన్విడియా 2022 మేలో ట్యూరింగ్ తరం నుంచి వచ్చిన కార్డుల కోసం తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సును బయటపెట్టింది. మంచిదే. కానీ మాడ్యూల్ ఇప్పటికీ గడప బయటే ఉంది.

తేడా బాగా తెలిసేది కార్డు పాతబడ్డాకే. 2012లో మొదలైన కెప్లర్ తరానికి ఎన్విడియా ఇచ్చిన చివరి డ్రైవర్ శ్రేణి 470. దాని మద్దతు 2024తో ముగిసింది. అదే కాలం నాటి ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7000 కార్డులకు డ్రైవర్ ఇప్పటికీ కెర్నెల్‌లోనే ఉంది.

నేను ఏఎండీ తీసుకున్నానని ఈపాటికి అర్థమై ఉంటుంది. డ్రైవర్ పేరుతో విడిగా వేసుకున్నది ఏమీ లేదు. గ్రాఫిక్స్ కార్డుల ఫైళ్లు ఉండే డీఆర్ఐ ఫోల్డర్ (/dev/dri) తెరిస్తే ఒక కార్డు ఫైలు, ఒక రెండర్ ఫైలు కనిపించాయి. తెర మీద పెత్తనం మొదటిదాని ద్వారా ఒక్కసారికి ఒక్క ప్రోగ్రాముకే. రెండోదాని ద్వారా కార్డు చేత లెక్కలు ఎన్ని ప్రోగ్రాములైనా చేయించుకోవచ్చు. అలాగని ఏఎండీలో అంతా తెరిచిన పుస్తకమేమీ కాదు, కార్డులోకి ఎక్కి అక్కడే నడిచే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, సోర్సు వాళ్లూ ఇవ్వరు.

ఇంటెల్ డ్రైవర్ కూడా కెర్నెల్‌లోనిదే. ఆఫీసు పనికి చాలు. ఎన్విడియా కార్డుల కోసం బయటివాళ్లు రాసిన నూవో డ్రైవర్ కెర్నెల్‌లో ఉన్నా, చాలా ఎన్విడియా కార్డులను పూర్తి వేగంతో నడపలేదు.

ఎన్విడియా కార్డుల చేత లెక్కలు చేయించే ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ 'కూడా' (CUDA) మీద ఆధారపడ్డ పనైతే ఈ వాదనంతా పక్కన పెట్టాల్సిందే. మా తమ్ముడి చదువుకు అదే కావాలి. వాడికి ఎన్విడియానే కొనిపించాను, హెడర్ల ప్యాకేజీ మాత్రం తీసేయవద్దని రెండుసార్లు చెప్పి మరీ.