అటెస్టేషన్ ఫారంలో గంజాయి కేసు: రాయడమా, దాచడమా?

హనుమకొండలో కానిస్టేబుల్ కోచింగ్ తీసుకునేవాళ్ల టెన్షన్ ఈవెంట్స్‌తో, రాతపరీక్షతో అయిపోదు. సెలక్షన్ లిస్టులో పేరొచ్చాక అటెస్టేషన్ ఫారం ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అని అందులో అడుగుతారు. డిగ్రీ రోజుల్లో గంజాయి తాగుతూ దొరికిన పిల్లగానికి పెన్ను ఆగేది అక్కడే. "అన్నా, రాయాల్నా, వద్దా?" అని అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు.

ఎక్కువమంది చెప్పేది "ఏం లేదని రాసెయ్, ఎవడు చూస్తడు" అని. చూస్తారు. పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఊళ్లో, ఠాణాలో ఆరా తీస్తారు. ఎఫ్ఐఆర్‌లు ఠాణాలన్నిటినీ కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్ సీసీటీఎన్ఎస్‌లో ఉంటాయి కాబట్టి కాజీపేటలో పడ్డ కేసు కరీంనగర్‌లో తెలియదనుకోవడం భ్రమ. బయటపడితే అడిగేది గంజాయి గురించి మాత్రమే కాదు, అబద్ధం ఎందుకు రాశావని కూడా. 2022లో సీఆర్‌పీఎఫ్ జవాన్ల కేసులో సుప్రీంకోర్టు ఇదే సంగతి తేల్చింది: వివరాలు దాచినందుకు ఉద్యోగం తీసేయడం సబబేనంది.

రాస్తే మాత్రం ఉద్యోగం గ్యారంటీయా? కాదు. నిజాయతీగా రాస్తే ఏం కాదని ధైర్యం చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, నిజం రాసినా అభ్యర్థి పూర్వాపరాలు చూసుకునే హక్కు శాఖకు ఉంటుందని చెప్పింది. కొట్టేసిన కేసైనా సరే, ఏ కారణంతో కొట్టేశారో చూస్తారు. కాకపోతే అదే తీర్పు చిన్న వయసులో చేసిన చిన్న తప్పును ఉదారంగా చూడొచ్చని కూడా అంది. గంజాయి తాగినందుకు మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టం 27వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇరవై కిలోలు రవాణా చేసినవాడి కేసు వేరు, ఇది వేరు. ఆ తేడా అధికారికి తెలియాలంటే కేసు గురించి ముందు మనమే రాయాలి కదా.

ముందు దాచి తర్వాత చెప్పడం మూడో దారి. ఢిల్లీలో ఒక అభ్యర్థి దరఖాస్తులో కేసు లేదని రాసి, రెండేళ్ల తర్వాత అటెస్టేషన్ ఫారంలో ఒప్పుకున్నాడు. 2011లో సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. కానీ అది కొట్లాట కేసు, రాజీ కుదిరింది. డ్రగ్స్ కేసులో రాజీ ఉండదు. ఆ తీర్పును నమ్ముకుని ఆలస్యం చేయమని నేనైతే చెప్పను.

మన ఫారం అడిగేది కేసుల గురించి, అలవాటు గురించి కాదు. అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలంటే పౌరులు నింపే ఎస్ఎఫ్-86 ఫారం గత ఏడేళ్లలో మత్తుమందు వాడారా అని సూటిగా అడుగుతుంది, కేసు ఉన్నా లేకున్నా. అక్కడ అబద్ధం రాయడం విడిగా నేరమే, ఐదేళ్ల వరకు జైలు. మా వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు, గంజాయికి తామున్న అమెరికా రాష్ట్రం ఒప్పుకుంది కదా అని మోసపోతుంటారు. ఫెడరల్ చట్టం, అంటే అక్కడి కేంద్ర చట్టం, ఒప్పుకోదు.

పద్దెనిమిది నిండక ముందు జరిగినదైతే లెక్క మారుతుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ఆ మచ్చను అనర్హతగా మార్చొద్దంటుంది, పదహారు దాటి పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్నవాళ్లకు తప్ప. దీన్ని వకీలుకు చూపించాకే ఫారం నింపాలి.

మిగతావాళ్లకు నా ఓటు రాయడానికే. క్రైమ్ నంబర్, సెక్షన్, ఠాణా, కోర్టు, తీర్పు తేదీ అన్నీ రాసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేయాలి. "ఫ్రెండ్స్ ఇరికించారు" లాంటి కథలు అక్కర్లేదు. కాపీకి దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోండి. సెలక్షన్ లిస్టు వచ్చాక కోర్టు చుట్టూ తిరిగితే, ఫారం గడువులోపు అది చేతికి రాకపోవచ్చు.