క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్: నెల్లూరులో నేను, ఒంగోలులో తమ్ముడు

1991లో స్ట్రీట్ ఫైటర్ 2 అనే కొట్లాట వీడియో గేమ్ వచ్చిన కాలంలో దానిని ఇద్దరు ఆడాలంటే ఒకే యంత్రం ముందు భుజాలు రాసుకుంటూ నిలబడవలసిందే. నెల్లూరు ట్రంకురోడ్డు దగ్గరి ఒక సందులోని వీడియో గేమ్ షాపులో నేనూ, మా చిన్నాన్నగారి అబ్బాయీ రూపాయి బిళ్లలు వేసి ఆడింది ఆ ఆటే. ఇప్పుడు తమ్ముడు ఒంగోలులో ఉంటున్నాడు. క్యాప్‌కామ్ అనే జపాన్ సంస్థ తన పాత ఆటలను చేర్చి 2022 జూన్‌లో విడుదల చేసిన క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్ అనే సంకలనాన్ని ఇద్దరం కంప్యూటర్లకు కొనుక్కుని నెల రోజులుగా రాత్రిపూట ఆడుతున్నాము.

ఇందులోని పది పాత ఆటలనూ ఇంటర్నెట్ ద్వారా ఎదుటివారితో ఆడవచ్చు. ఇదే సంస్థ 2018లో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 30వ వార్షికోత్సవ సంకలనంలో పన్నెండు ఆటలుండగా నాలుగింటికే ఆ వీలుండేది.

అంతకన్నా మెచ్చుకోవలసింది, ఆటను దూరానికి చేర్చిన పద్ధతి. ఈ ఆటలలో సెకనుకు సుమారు 60 ఫ్రేములు, అంటే తెరమీది చిత్రాలు, మారుతాయి. దెబ్బ కాచుకోవాలంటే కొన్ని ఫ్రేముల వ్యవధే దొరుకుతుంది. పాత పద్ధతిలో, అవతలివారు ఏ బటన్ నొక్కారో తెలిసేదాకా మన బొమ్మ కూడా ఆగవలసి వచ్చేది కనుక, చేతికీ తెరకూ పొత్తు కుదిరేది కాదు. ఇక్కడ వాడిన రోల్‌బ్యాక్ పద్ధతి ఎదురుచూడదు. అవతలివారు ఇంతకుముందు నొక్కినదే ఇంకా నొక్కి ఉంచారని అనుకుని ఆటను నడిపిస్తుంది. అసలు సమాచారం అందాక ఆ ఊహ తప్పని తేలితే, కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిచేసి, కంటికి అందనంత త్వరగా వర్తమానానికి వస్తుంది. అందువల్ల అరచేతుల నుంచి శక్తి గోళాన్ని విసిరే హడోకెన్ దెబ్బ వేసేటప్పుడు నా వేళ్లకు చిన్ననాటి నుంచి గుర్తున్న లయ చెక్కుచెదరలేదు. ఇది నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం.

మొదటి రెండు రాత్రులు మాత్రం తమ్ముడి బొమ్మ ఉన్నట్టుండి ఒకచోట మాయమై మరోచోట తేలేది. మేడమీది గదికి వైఫై సరిగా అందకపోవడమే కారణమని గ్రహించి, కేబుల్ వేయించుకున్నాక అది తగ్గిపోయింది. ఎంత మంచి పద్ధతైనా సమాచారం మరీ ఆలస్యమైతే చేయగలిగింది తక్కువ. కంప్యూటర్, ప్లేస్టేషన్ వంటి వేర్వేరు రకాల యంత్రాలపై ఆడేవారికి పరస్పరం పోటీపడే వీలు లేదు కనుక, కొనేముందే ఇద్దరూ మాట్లాడుకుని ఒకే రకానికి తీసుకోవాలి.

ఈ సంకలనంలో మేము ఎక్కువగా ఆడేది హైపర్ స్ట్రీట్ ఫైటర్ 2. అందులో ఒక్కో పాత్రను ఏ కాలపు రూపంలో కావాలంటే ఆ రూపంలో ఎంచుకోవచ్చు. తమ్ముడు 1991 నాటి గైల్‌ను వదలడు, నేను 1994 నాటి ర్యూను వదలను.