పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ గాల్లోకి: ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 ట్రాన్స్‌మిటర్‌తో ఆరు నెలలు

ముందే చెప్తున్నా, ఇది డబ్బా విప్పిన రోజు రాసే రివ్యూ కాదు. ఈ రేడియో (చేత్తో పట్టుకుని రిమోట్ విమానాలు నడిపే ట్రాన్స్‌మిటర్) కొని ఆరు నెలలు దాటింది, ఈలోపు రెండు విమానాలు పోయాయి, మూడోది ఇంకా ఎగురుతోంది. పోయిన రెండూ నా చేతకానితనం వల్ల పోయినవే, రేడియో తప్పేం లేదు.

నేను రిమోట్ విమానాలు వదిలేసే నాటికి అంతా బల్సా అనే తేలికపాటి చెక్క, గ్లో ఇంజన్ అనే బుల్లి ఇంజన్, మిథనాల్‌లో ఆముదం కలిపిన ఫ్యూయల్. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొస్తే చొక్కా అంతా ఆముదం కంపు, బయటే విప్పి రమ్మనేవాళ్ళు. అప్పటి నా ట్రాన్స్‌మిటర్ 72 మెగాహెర్ట్జ్‌ది, రెండు మూరల యాంటెన్నా లాగి పట్టుకోవాలి. గ్రౌండ్‌కి వెళ్ళగానే ఎవరి క్రిస్టల్ (రేడియో ఏ ఛానల్ మీద పనిచెయ్యాలో తేల్చే చిన్న ముక్క) ఏ నంబరో అడిగి తెలుసుకోవడం మొదటి పని, ఎందుకంటే ఒకే ఛానల్ మీద ఇద్దరు స్విచ్ వేస్తే గాల్లో ఉన్నవాడి విమానం గోవిందా. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఫ్లాట్, ఈఎంఐ, మామూలే. మొన్న లాఫ్ట్ సర్దుతుంటే పాత డబ్బా బయటపడింది. నికెల్ కాడ్మియం సెల్స్ కారిపోయి తెల్లగా పొడి పట్టి ఉన్నాయి, రేడియో చచ్చిపోయింది. నాకు మాత్రం దురద మళ్ళీ మొదలైంది.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ప్రతి షాపులోనూ ఒకటే ప్రశ్న, "డ్రోన్‌కా సార్?" పక్కన ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుల కోసం 2212 సైజు మోటార్లు నాలుగేసి కొనుక్కుపోతున్నారు. 2022 ఫిబ్రవరి నుంచి తయారైన డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, విడిభాగాలకి లేదు. దాంతో మోటార్లు, ఈఎస్‌సీలు (మోటార్ వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్లు), సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే బుల్లి మోటార్లు) ఎన్ని కావాలంటే అన్ని కనిపించాయి గానీ, డబ్బాలోంచి తీసి ఎగరేసుకునే విమానం నాకు నచ్చింది ఒక్కటీ దొరకలేదు. అది ఒకందుకు మంచిదే అయింది. డబ్బంతా విమానం మీద పెట్టకుండా రేడియో మీద పెట్టి, విమానం మాత్రం స్టేషనరీ షాపు ఫోమ్ బోర్డు, వేడి గ్లూ గన్‌తో నేనే కట్టుకున్నా. ఇన్నేళ్ళ తర్వాత తిరిగొచ్చేవాడు మొదటి విమానం ఎలాగూ పడేస్తాడు, కాబట్టి రెండొందల బోర్డు పడేయడం మేలు కదా.

ఇక రేడియో సంగతి. విమానంలో పెట్టే రిసీవర్‌తో కలిపి ఐదు వేల లోపే పడింది. 2.4 గిగాహెర్ట్జ్, ఆరు ఛానళ్ళు (ఇక్కడ ఛానల్ అంటే విడిగా నడిపే ఒక్కో కంట్రోల్), 20 మోడళ్ళ సెట్టింగులు గుర్తుపెట్టుకుంటుంది, నాలుగు పెన్సిల్ సెల్స్ చాలు. క్రిస్టల్స్ గొడవ లేదు, పక్కన పది మంది ఎగరేసినా ఎవరి రిసీవర్ వాళ్ళ రేడియో మాటే వింటుంది. ఇప్పటి కుర్రాళ్ళకి ఇది పెద్ద విషయంలా అనిపించదు గానీ, పక్కవాడు స్విచ్ వేస్తాడేమో అని మెడ తిప్పి తిప్పి చూసిన తరం మాది, మొదటి రోజు ఆ టెన్షన్ లేకపోవడమే వింతగా అనిపించింది.

నాకు బాగా నచ్చింది దీని మొండితనం. ఆన్ చేయగానే పైన స్విచ్చుల్లో ఒక్కటి కిందకి ఉన్నా, మోటార్ వేగం పెంచే థ్రాటిల్ స్టిక్ కొంచెం పైకి ఉన్నా, ముందు అవి సరిచెయ్యమని స్క్రీన్ మీద హెచ్చరిక పెట్టి కీ కీమని మొత్తుకుంటుంది, సరిచేసేదాకా ముందుకి కదలదు. మొదట్లో చిరాకేసింది. తర్వాత ఒకరోజు బ్యాగులోంచి తీసేటప్పుడు థ్రాటిల్ సగం దాకా లేచిపోయిందని చూసుకోకుండా ఆన్ చేశా. అది అరిచి ఆపింది కాబట్టి సరిపోయింది, నా ఎడమ చెయ్యి ప్రొపెల్లర్ ముందే ఉంది.

మెనూ మాత్రం అలవాటయ్యేదాకా తికమకే. ఓకే నొక్కితే సేవ్ అవుతుందనుకుంటాం కదా, ఇందులో అలా కాదు, మార్పు సేవ్ అవ్వాలంటే క్యాన్సిల్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. ఊరికే ఒకసారి నొక్కి వదిలితే బయటికి వచ్చేస్తుంది, మనం చేసిన మార్పు పోతుంది. క్యాన్సిల్ అంటే సేవ్ అని ఎవరికి తడుతుంది చెప్పండి! నేను ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే, రెక్క వెనక అంచున కదిలే పలక) దిశ రివర్స్ చేసి, ఇలాగే వదిలేసి, అయిపోయిందనుకుని పొలానికి పోయా. పాత అలవాటు కాపాడింది. ఎగరేసే ముందు స్టిక్ కుడికి తోసి విమానం వెనక నిలబడి చూడాలి, కుడి రెక్క ఎయిలరాన్ పైకి లేవాలి. నాది కిందకి దిగింది. అక్కడే కూర్చుని మళ్ళీ సెట్ చేసుకున్నా.

ఫెయిల్‌సేఫ్ కూడా అంతే, మనమే పెట్టుకోవాలి. సిగ్నల్ తెగితే థ్రాటిల్ సున్నాకి పడేలా సెట్ చేసి, ప్రొపెల్లర్ ఊడదీసి, మోటార్ తిరుగుతుండగా రేడియో ఆఫ్ చేసి చూడండి. మోటార్ ఆగితేనే పొలానికి బయల్దేరండి. డ్యూయల్ రేట్స్, ఎక్స్‌పో (స్టిక్ తోస్తే విమానం ఎంత చురుగ్గా తిరగాలో తగ్గించుకునే సెట్టింగులు) ఉన్నాయి, అవి వాడితే చెయ్యి కాస్త వణికినా విమానం కుదురుగా పోతుంది. ట్రిమ్ (స్టిక్ వదిలినా విమానం తిన్నగా పోయేలా సర్దే బటన్) నొక్కుతుంటే చప్పుడు వస్తుంది, సరిగ్గా మధ్యకి రాగానే ఆ చప్పుడు మారుతుంది, కాబట్టి చూపు విమానం మీంచి తియ్యక్కర్లేదు.

రేడియోతో పాటు తెప్పించిన బ్యాటరీ కథ వేరు. ఒక ఆన్‌లైన్ షాపు వాళ్ళు (పేరు వద్దులెండి) 3ఎస్ లైపో (మూడు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ) పంపారు, విప్పేసరికే అప్పడంలా ఉబ్బి ఉంది. మార్చి ఇవ్వడానికి మూడు వారాలు, పదకొండు మెయిళ్ళు. నాలాగా గ్లో ఇంజన్ రోజుల నుంచి వచ్చేవాళ్ళు లైపోని మామూలు సెల్ అనుకోకండి. సెల్‌కి 4.2 వోల్టులు నిండుగా, దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర, ఖాళీ అయ్యేదాకా ఎప్పుడూ పిండొద్దు. మే నెలలో కార్లో అసలే వదలొద్దు.

ఎక్కడ ఎగరెయ్యాలన్నదే హైదరాబాద్ వాళ్ళకి అసలు తలనొప్పి. ఒక పక్క శంషాబాద్, మధ్యలో బేగంపేట, పైన హకీంపేట, దుండిగల్, అన్నీ అసలు విమానాలు దిగే చోట్లే. కాలనీ గ్రౌండ్‌లో ఎగరేద్దామనుకుంటే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి చూడండి, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ అయితేనే, అదీ 400 అడుగుల లోపు, ఎయిర్‌పోర్టుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల లోపే. 2021 డ్రోన్ రూల్స్‌లో సరదాకి, చదువుకి వాడే మోడల్ విమానాలకి 25 కిలోల దాకా విడిగా ఒక నిర్వచనం ఉంది, వాటికి టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కి ఇచ్చే అధికారిక ఆమోదం) అక్కర్లేదు, కానీ కంటికి కనిపించే దూరంలోనే ఎగరెయ్యాలి. నేను నకిరేకల్ దగ్గర మా బావమరిది పొలానికి పోతున్నా, వరి కోశాక. పొద్దున ఆరున్నరకి గాలి ఉండదు, ఎనిమిది దాటితే పక్క నుంచి ఈడ్చి కొడుతుంది.

మొదటి ఫ్లైట్ గురించి చెప్పాలంటే సిగ్గే. చెయ్యి మర్చిపోలేదు, కన్ను మర్చిపోయింది. విమానం నాకు దూరంగా వెళ్తున్నంతసేపు రాజులా ఎగరేశా, తిరిగి నా మీదకి వస్తున్నప్పుడు కుడి ఎడమైపోయింది. ఎడమ రెక్క వాలిందని సరిచెయ్యబోయి ఇంకా వాల్చి, నేరుగా వరి కొయ్యల్లోకి దింపా. మా బావమరిది ఏరుకొచ్చి, "బావా, నువ్వు తెచ్చినప్పటికన్నా ముక్కలు ఎక్కువైనయ్" అన్నాడు. బల్సా అయితే నెల రోజుల పని. ఫోమ్ కాబట్టి గ్లూ గన్, ప్యాకింగ్ టేపుతో అరగంటలో లేచింది, రెండు వారాల తర్వాత అదే తప్పుతో పూర్తిగా పోయింది, అది వేరే సంగతి.

అప్పుడు రేడియో వెనకున్న గుండ్రటి పోర్టుకి యూఎస్‌బీ కేబుల్ పెట్టి, పికాసిమ్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో రోజూ రాత్రి అరగంట కూర్చున్నా. పదకొండేళ్ళ మా అల్లుడు, బావమరిది కొడుకు, సెలవులకి వచ్చి పక్కన కూర్చుని రెండు రోజుల్లో పట్టేశాడు. "మామయ్యా, మన వైపు వస్తుంటే ఏ రెక్క కిందకి వాలితే స్టిక్ ఆ వైపే తొయ్యి, దానికి కింద నుంచి పోటు పెట్టినట్టు అనుకో." ఇరవై ఏళ్ళప్పుడు నాకెవరూ ఇంత సులువుగా చెప్పలేదు.

కొనొచ్చా అంటే, తిరిగి మొదలుపెట్టేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు. గ్లైడర్లు, రకరకాల మిక్సింగులు (ఒకే స్టిక్‌తో రెండు మూడు పలకలు కలిపి కదపడం), టెలిమెట్రీ (విమానం నుంచి రేడియోకి వచ్చే సమాచారం) అంటూ లోతుకి పోయే ఆలోచన ఉంటే ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రేడియో తీసుకోండి, దీంతో కొద్ది నెలల్లోనే ఇరుకనిపిస్తుంది. తర్వాత మారినా ఇప్పుడు కొన్న ఫ్లైస్కై రిసీవర్లు వృథా కావు, మల్టీప్రోటోకాల్ మాడ్యూల్ (వేర్వేరు కంపెనీల రిసీవర్లతో కలిసే భాగం) ఉన్న రేడియోతో అవి పనిచేస్తాయి.

ఆ గుండ్రటి పోర్టుతోనే రెండు ఐ6లని ట్రైనర్ కేబుల్‌తో కలపొచ్చు, పిల్లాడి చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి, వాడు తడబడితే స్విచ్ వదిలి నేను అందుకోవచ్చు. రెండోది ఆర్డర్ పెట్టేశా. ఇంట్లో ఇంకా చెప్పలేదు.