రెండు దేశాల విలీనం: ఒక తెలుగు బోర్డు ఆటపై సమీక్ష

ద్వారకానగర్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో ఈ మధ్య అమ్మకానికి వచ్చిన ఈ ఆటలో ఓడరేవులూ అధిక జనాభా గల తీరదేశం, గనులూ నదుల జన్మస్థానాలూ గల మెట్టదేశం ఒకే ప్రభుత్వం కిందికి వస్తాయి. ఆటగాళ్లు రాజ్యాంగ సభ సభ్యులుగా కూర్చుని ఆ కల్పిత దేశానికి పేరు, జెండా, రాజధాని, అధికార భాష, పన్నుల వాటా, ఉద్యోగుల సర్వీసు నిబంధనలు ఒక్కొక్కటిగా తేల్చాలి. పౌరశాస్త్రం బోధించేవాడిగా దీన్ని ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో సహోద్యోగులతోనూ ఇంటర్ విద్యార్థులతోనూ ఆడించాను.

పేరు, జెండా విడతలు త్వరగానే ముగుస్తాయి. ఆటకు ప్రాణం మాత్రం ‘సీనియారిటీ జాబితా’ అనే కార్డులో ఉంది. తీరదేశంలో ఏడేళ్లకే పదోన్నతి పొందిన అధికారి, మెట్టదేశంలో పన్నెండేళ్లుగా పాత హోదాలోనే ఉన్న అధికారి ఒకే కార్యాలయంలో చేరితే ఎవరు ఎవరికి పైఅధికారి అవుతారన్నది అందులోని ప్రశ్న. ఆ కార్డు దగ్గర గదిలో గొంతులు పెరిగాయి. మెట్టదేశం తరఫున ఆడుతున్న విద్యార్థి ఒకడు, “మాస్టారూ, జెండా మార్చినా మావాళ్లు సర్దుకుంటారండి, ప్రమోషన్ పోతే మాత్రం ఊరుకోరు” అన్నాడు. జాతీయ భావన జీతాల చిట్టా దగ్గరా పదోన్నతుల దగ్గరా ఎలా పరీక్షకు నిలుస్తుందో ఇంత స్పష్టంగా చూపిన బోధనా సామగ్రి తెలుగులో నాకు ఇంతవరకు కనిపించలేదు.

మన చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ మిగులు ఆదాయం, ఉద్యోగాలు, ప్రాంతీయ మండలి గురించి హామీలు ఇచ్చారు. ఆ ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హామీలు అమలు కాలేదన్న ఆవేదనే 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ప్రధాన కారణం. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలను స్థానికులకు కేటాయించే ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించాక 1972లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. అంటే ఒకే నిబంధన ఒక ప్రాంతానికి రక్షణగానూ మరో ప్రాంతానికి అన్యాయంగానూ కనిపించిందన్నమాట.

ఆటలోని పెద్ద లోపం కూడా ఇక్కడే ఉంది. ఓటింగు ముగియగానే హామీ కార్డులను పెట్టెలో వేసేయమని నియమావళి చెబుతుంది. తర్వాతి విడతల్లో ఆ హామీ నిలబడిందా లేదా అని అడిగే అధికారం ఎవరికీ ఉండదు. సంఖ్యాబలం ఉన్న తీరదేశం ఏ హామీనైనా ఇచ్చి, తర్వాత మరచిపోయి గెలవవచ్చు. మేము హామీ కార్డులను బల్ల మీదే ఉంచి, ఉల్లంఘించిన పక్షానికి పాయింట్లు తగ్గించాం. ఆ మార్పుతో బేరసారాలు నిజమైన బేరసారాలయ్యాయి.

‘ఐక్యతా పాయింట్ల’ లెక్కతో కూడా నేను ఏకీభవించలేను. స్థానిక చట్టాన్నో భాషనో నిలుపుకున్న ప్రతిసారీ పాయింట్లు కోసేయడం వల్ల, కలిసిపోవడమంటే ఒకేలా మారిపోవడమనే అర్థం వస్తుంది. 1958లో ఈజిప్టు, సిరియా కలిసి ఏర్పడిన ఐక్య అరబ్ గణతంత్రంలో అధికారమంతా కైరోకు చేరింది, సిరియాలో రాజకీయ పక్షాలు రద్దయ్యాయి, 1961లో సిరియా విడిపోయింది. 1964లో టాంగనీకా, జాంజిబార్ కలిసి ఏర్పడిన టాంజానియా మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది, జాంజిబార్‌కు సొంత అధ్యక్షుడూ సొంత శాసనసభా ఉన్నాయి. ఆ రెండో ఏర్పాటుకు ఈ ఆటలో తక్కువ మార్కులే వస్తాయి.

రాజధాని విడతలో ఓడిన పక్షానికి ఏమీ దక్కకపోవడం సరికాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు ఇచ్చారు. అటువంటి సర్దుబాటుకు ఒక కార్డైనా ఉండవలసింది.

బల్లపటం దళసరిగా ఉంది, తెలుగు శుభ్రంగా ఉంది, కార్డుల వెనుక అక్షరాలు మాత్రం మరీ చిన్నవి. ఇంటర్, డిగ్రీ తరగతుల ఉపాధ్యాయులు దీన్ని తప్పక కొనవచ్చు, అయితే హామీ కార్డుల నియమాన్ని ముందే మార్చుకుని ఆడించాలి. తయారీదారులు మళ్లీ ముద్రించేటప్పుడు నియమావళిలో ఆ పేజీని, పాయింట్ల పట్టికను తిరగరాయాలని కోరుతున్నాను.