వీడియో లారింగోస్కోప్: కెమెరా సరే, ముందు బ్లేడు ఆకారం చూడండి

శిశువు శ్వాసనాళంలోకి ఊపిరి ట్యూబు వేసేటప్పుడు గొంతు లోపలిని చూడటానికి వాడే, కెమెరా అమర్చిన బ్లేడు, దాని స్క్రీన్: ఇదే వీడియో లారింగోస్కోప్. ట్యూబు సైజుల పట్టికలు, బ్యాటరీ వివరాలు ఇక్కడ రాయను. నవజాత శిశువుల ఐసీయూలో పనిచేసేవారికి అవి కంఠస్థమే. మేము చాలాకాలంగా వాడుతున్న వీడియో లారింగోస్కోప్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది, అమ్మేవాళ్లు ప్రస్తావించను కూడా లేదు. దాని బ్లేడు మామూలు మిల్లర్ బ్లేడు లాగే తిన్నగా ఉంటుంది.

మొదట్లో మమ్మల్ని ముగ్ధుల్ని చేసింది మాత్రం స్క్రీనే. పాత పద్ధతిలో శిశువు గొంతులో ఏముందో బ్లేడు పట్టుకున్న ఒక్కరికే తెలుస్తుంది. జూనియర్ డాక్టర్ "కనిపిస్తున్నాయి మేడమ్" అంటే నమ్మాలి. ఆ కనిపించినవి స్వరతంతువులో (ట్యూబు వెళ్లాల్సింది వాటి మధ్య నుంచే), అన్నవాహిక ద్వారమో ట్యూబు వేశాక గాని తేలదు. స్క్రీన్ వచ్చాక "లోతుకు వెళ్లిపోయారు, కొంచెం వెనక్కి తీయండి" అని అప్పటికప్పుడు చెప్పగలుగుతున్నాం. నర్సు కూడా స్క్రీన్ చూస్తూనే గొంతు మీద వేలితో మెల్లగా నొక్కి స్వరతంతువులను ఎదురుగా తెస్తుంది. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన డబ్లిన్ అధ్యయనంలో మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడినవారు వీడియోతో 74 శాతం, నేరుగా చూసి వేసినప్పుడు 45 శాతం. మా వార్డులో చూస్తున్నదాన్ని బట్టి నాకు ఆశ్చర్యమనిపించలేదు.

బ్లేడు విలువ తెలిసింది ఒక రాత్రి కాన్పు గదిలో. నెలలు నిండని శిశువు, కిలో కంటే తక్కువ బరువు. మాస్కుతో ఊపిరి అందిస్తున్నా ఛాతీ లేవడం లేదు, గుండె వేగం పడిపోతోంది. జూనియర్ బ్లేడు పెట్టగానే స్క్రీన్ మీద ఎపిగ్లాటిస్, అంటే శ్వాసనాళం మీది మూత, చక్కగా కనిపించింది, మరుక్షణం అంతా ఎర్రటి మసక. లెన్సుకు రక్తంతో కలిసిన స్రావం అంటుకుంది. స్రావాన్ని పీల్చేసే సక్షన్ పెట్టినా తేటపడలేదు. బయటికి తీసి తుడిచి మళ్లీ మొదలుపెడితే, ఒక్కో ప్రయత్నానికి ఉండే 30 సెకన్లు అక్కడే అయిపోతాయి. "స్క్రీన్ వదిలేయండి, నోట్లోకి చూడండి" అన్నాను. ఆయన బ్లేడు కదపకుండా తల వంచి నేరుగా చూశారు. 2.5 ట్యూబు కుడి మూల నుంచి లోపలికి వెళ్లింది. ట్యూబు శ్వాసనాళంలోకే వెళ్లిందని తెలిపేలా కార్బన్ డయాక్సైడ్ డిటెక్టర్ ఊదా నుంచి పసుపు రంగుకు మారేదాకా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

అంతకుముందు మేము పరీక్షించి చూసిన మరో రకానికి బాగా వంపు తిరిగిన బ్లేడు ఉండేది. దానితో స్వరతంతువులు స్క్రీన్ నిండా కనిపించేవి. ట్యూబు మాత్రం ఆ మలుపు తిరగనని మొరాయించేది, ట్యూబు లోపల పెట్టే తీగ, అంటే స్టైలెట్‌ను అదే వంపులో వంచి పెట్టుకుంటే తప్ప. పైగా కెమెరా మసకబారితే ఆ వంపు మీదుగా కంటితో చూసే అవకాశమే ఉండదు.

అలాగని మా పరికరాన్ని ఆకాశానికెత్తలేను. కెమెరా ఇమడాలి కాబట్టి బ్లేడు కాస్త మందం. బాగా చిన్న శిశువుల నోట్లో దాని పక్కన ట్యూబుకు చోటు మిగలదు. అలాంటప్పుడు నేను ఇప్పటికీ 00 సైజు మామూలు బ్లేడే అడుగుతాను. ఇందాక అంతగా మెచ్చుకున్న స్క్రీన్‌తోనూ ఒక చిక్కుంది. కొత్తవారు మొదటి నుంచీ దాన్నే చూస్తూ, ట్యూబు స్క్రీన్ మీద కనిపించేదాకా గుడ్డిగా తోస్తారు. ఈలోగా దాని కొస అంగిట్లో గీసుకుంటుంది. ట్యూబు నాలుక దాటేదాకా కళ్లు నోటి మీదే ఉండాలని మేము ఇప్పుడు పట్టుబడుతున్నాం. వాడి పారేసే బ్లేడు తొడుగులకు అయ్యే ఖర్చు కూడా ముందే లెక్కవేసుకోవాలి.

మాది శిక్షణ ఇచ్చే విభాగం, ఏటా కొత్త చేతులు వస్తాయి కాబట్టి మాకు ఇది గిట్టుబాటయింది. ట్యూబు వేసేది ఎప్పుడూ ఒకరిద్దరు సీనియర్లే అయిన చోట ఇంత డబ్బు పెట్టమని నేను గట్టిగా చెప్పలేను. కొనేటట్లయితే మాత్రం, స్క్రీన్ ఆపేసి, శిక్షణకు వాడే శిశువు బొమ్మకు ఆ బ్లేడుతో ట్యూబు వేసి చూపించమని అమ్మేవారినే అడగండి.