షుగర్ ఉన్నవాళ్ళకు ఈ పళ్ళ క్లినిక్ ఎందుకు చెబుతున్నానంటే

బాలాజీ కాలనీలోని ఈ క్లినిక్‌కి అమ్మను తీసుకెళ్ళింది కదులుతున్న పన్ను తీయించడానికి. డాక్టరమ్మ నోరు తెరవమనే ముందే షుగర్ రిపోర్టు చూపించమంది. నేనిస్తున్న నాలుగు స్టార్లలో సగం దానికే.

ముందు ఒక ఫారం నింపాలి. షుగర్, బీపీ, రక్తం పలచబడే మాత్రలు, గుండె వాల్వ్ ఆపరేషన్ అన్నీ అడుగుతారు. పంటికీ వాల్వ్‌కీ ఏం సంబంధమంటే ఓపిగ్గా చెప్పారు. పన్ను తీసేటప్పుడు నోట్లోని బాక్టీరియా రక్తంలో కలుస్తుంది. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్ళకు మాత్రం అక్కడ చేరి ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తేవచ్చు, అందుకే ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు.

తర్వాత మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పరికరాన్ని చిగురుకూ పంటికీ మధ్య దించి, ఒక్కో పన్ను దగ్గరా లోతు చూశారు. మూడు వరకు ఫర్వాలేదట. అమ్మకు దవడ పళ్ళ దగ్గర ఆరు, ఏడు వచ్చింది, అంటే చిగుళ్ళు వాచి పంటిని వదిలేశాయన్నమాట.

చిగుళ్ళ వాపు నోటితో ఆగదు. అక్కడ పుట్టే పదార్థాలు రక్తంలో చేరి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. షుగర్ పెరిగితే చిగుళ్ళు మానవు. దీనికి తోడు, నమలలేక అమ్మ గోరుచిక్కుడు తాళింపు, ఉడకేసిన శనక్కాయలు మానేసి మెత్తటి అన్నంలో రసం పోసుకుని మింగేస్తోంది. ఆసుపత్రుల్లో డైట్ చార్టు చేతికిస్తారు గానీ, అది నమిలే పళ్ళున్నాయా అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

"గార తీస్తే పళ్ళన్నీ కదిలిపోతాయంట కదమ్మా" అని అమ్మ భయపడింది. "కదిలేది గార తీసినందుకు కాదమ్మా, ఆ గార కింద ఎముక అరిగిపోయినందుకు" అని డాక్టరమ్మ ఎక్స్‌రేలో చూపించింది. అమ్మ ఒప్పుకుంది. ఒక పన్ను తీసి, మిగతావాటికి చిగుళ్ళ లోపలిదాకా క్లీనింగ్ చేశారు. నోటిని నాలుగు భాగాలుగా లెక్కేసి, భాగానికి 1,500 రూపాయలు తీసుకున్నారు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9.1 శాతం నుంచి 8.6 శాతానికి వచ్చింది. మాత్రలు మార్చలేదు. కానీ నమలగలిగాక తిండి కూడా మారింది కాబట్టి మొత్తం క్లీనింగ్ వల్లే అనను. చిగుళ్ళ చికిత్సతో సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. అది మాత్రలకు బదులు కాదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, షుగర్ డాక్టరుకు చీటీ కూడా రాసిచ్చింది.

ఒక స్టారు తగ్గించడానికి కారణాలున్నాయి. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళే ఎక్కువగా వచ్చే చోట ఇది పెద్ద లోటు. ఇచ్చిన టైముకు పిలవరు. రేట్లు బోర్డు మీద లేవు, అడిగితేనే చెబుతారు.

వెళ్ళేవాళ్ళు పొద్దున పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళను ఖాళీ కడుపుతో తీసుకెళ్ళొద్దు, టిఫిన్ తిని మాత్ర వేసుకునే రానివ్వండి. వాడుతున్న మందుల చీటీలన్నీ, ఈమధ్య చేయించిన రక్తపరీక్షలూ వెంట ఉంచుకోండి.