మున్నేరు వేగం: కొబ్బరికాయతోనా, కరెంట్ మీటరుతోనా?

ఖమ్మం పక్కనుంచి పారే మున్నేరు వేగం తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. నీటిలో తేలే వస్తువును వదిలి సమయం లెక్కించడం ఒకటి, తిరిగే గిన్నెలున్న కరెంట్ మీటరును (ఇక్కడ కరెంట్ అంటే విద్యుత్తు కాదు, నీటి ప్రవాహం) నీటిలో ముంచడం మరొకటి.

తేలే వస్తువుల్లో నాకు నచ్చేది పీచు తీయని కొబ్బరికాయ. చాలావరకు మునిగి ఉంటుంది కనుక గాలి దాన్ని పెద్దగా నెట్టలేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాను మాత్రం నమ్మకండి, అది గాలి ఎటు తోస్తే అటు పోతుంది. నది తిన్నగా పారే చోట ఒడ్డున 20 మీటర్లు కొలిచి, కాస్త ఎగువన కాయ వదలాలి. ఆ దూరానికి 25 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.8 మీటర్లు. అయితే ఇది పైనీటి వేగమే. అడుగున ఇసుక, రాళ్లు నీటిని పట్టి ఆపుతాయి. అందుకే సుమారు 0.85తో గుణించాలి, అప్పుడు 0.68 వస్తుంది. రాళ్ల అడుగైతే ఇంకా తగ్గించాలి. ఒక్కసారితో ఊరుకోకుండా నడిమధ్యన, ఒడ్డుల దగ్గర మళ్లీ మళ్లీ వదలండి.

కరెంట్ మీటరుకు ఈ ఉజ్జాయింపు అక్కరలేదు. పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర పెడితే దాదాపు సగటు వేగమే దొరుకుతుంది. లోతు ఎక్కువైతే 0.2, 0.8 వంతుల దగ్గర కొలిచి సగటు తీస్తారు. ఖరీదు మాత్రం ఎక్కువే.

పంటకాలువకూ బడిపిల్లల పాఠానికీ కాయ చాలు. నీటి పంపకాల లెక్కకు మీటరే కావాలి. 2024 సెప్టెంబరులో వచ్చినటువంటి వరదలో దుంగలు కొట్టుకొస్తుంటే మీటరు దించడమే ప్రమాదం. అప్పుడు దూరంగా గట్టు మీద నిలబడి ఆ దుంగల వేగాన్నే లెక్కకట్టండి.